గడియారం పెట్టుకున్న కృష్ణుడు

మొన్న చుట్టాలింటికి దినాలకు పోయాను. దండ వేసిన పటం పక్కనే గోడకు ఇంకో ఫొటో ఉంది. నలుపు తెలుపు. తొమ్మిది మంది, తగరపు కిరీటాలు, అద్దె డ్రెస్సులు. నడుమ కృష్ణుడు. మురళి పట్టుకున్న చేతికి గడియారం! ఎవరే అవ్వా ఈయన, పేరేంది అని అడిగితే ఇంటి పెద్దామె తలెత్తకుండానే అంది: "పేరెవలకెరుక బిడ్డా, గాయన కిష్నుడు."

అదే వారం ఒక డిగ్రీ పిల్లగాడు ఫోన్ చేశాడు. కాలేజీ ప్రాజెక్టట. "సార్, మన మండలంల నాటకరంగం ఏ సంవత్సరంల మొదలైంది?" నాకు ఒళ్లు మండింది. సంవత్సరం చెప్తే చరిత్ర, లేకుంటే లేనట్టేనా? మా మండలం కథలాపూర్ పేరులోనే కథ ఉందని ఇక్కడ రాసి రాసి మిమ్మల్ని విసిగించినవాణ్ని. ఆ అర్థానికి ఆధారమేదని మీరు రాసిన ఉత్తరాలూ దాచుకున్నాను. అయినా మానను.

వేములవాడ పక్కన హనుమాజీపేటను చూడండి. సినారె ఊరు అదే, ఒగ్గుకథ మిద్దె రాములు ఊరూ అదే. సినారెకు 1988 జ్ఞానపీఠం వచ్చిందని పిల్లలకు పరీక్షలో అడుగుతారు. ఆ చెవుల్లో చిన్నప్పుడే పడ్డ జంగం కథలు ఏ సంవత్సరంలో మొదలయ్యాయని ఎవరిని అడగాలి?

మా దిక్కు ఆట కోసం మనం పోయేది లేదు, ఆటే ఇంటికి నడిచొచ్చేది. పద్మశాలీలకు కూనపులివాళ్లు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. ఆ పటం చేర్యాల నకాషీలు రాసింది. గొల్ల కురుమల ఇంట ఒగ్గోళ్లు మల్లన్న కథో బీరప్ప కథో ఎత్తుకునేవాళ్లు. మాదిగవాడకు చిందోళ్లు. టికెట్ లేదు, హక్కు ఉంది. ఏ ఊరు ఏ మేళానిదో వాళ్లలో వాళ్లు పంచుకున్నారు, ఒకరి ఊళ్లో ఇంకొకరు గజ్జె కట్టరు. 2016 అక్టోబరులో జిల్లాలు పంచినప్పుడు మేము జగిత్యాలకు, వేములవాడ సిరిసిల్లకు పోయాం. ఆ పాత పంపకం మీద మాత్రం ఏ కలెక్టర్ సంతకమూ లేదు.

చిందు మేళం దిగిన ఒక పగలు నాకింకా కళ్ల ముందే ఉంది. ఇంటి నీడన చాప పరిచి, రాతి మీద ముఖాలకు పూసే అర్దళం నూరుతున్నారు. పక్కన గుడ్డలో చుట్టిన కట్టె కిరీటాలు, భుజకీర్తులు. ఒకామె పిల్లకు పాలిచ్చి, పక్కామె ఒళ్లో పడుకోబెట్టి, చెయ్యి తుడుచుకొని, అద్దం ముందు కూర్చొని మీసం దిద్దుకుంది. రాత్రి ఆమె అడుగు వేస్తే నేల అదిరింది. చిందు ఎల్లమ్మ 2005లో పోయినప్పుడు పేపర్లన్నీ రాశాయి గానీ, నాకు గుర్తొచ్చింది ఈ పేరు తెలియని మీసం. పరదా కట్టి హార్మోనియం వాయించే పద్య నాటకం ఈ ఆట ముందు అరువు సొమ్మని అప్పటి నుంచీ నా వాదం. మీకు కొత్త కాదు.

కొత్తదొకటి చెప్పాలి. ఆ ఆట నేను ఎక్కడ నిలబడి చూశానో ఇన్నేళ్లూ రాయలేదు. వాడ అంచున, చింతచెట్టు కింద. అంతకు ఇవతలే ఉండాలని మా అవ్వ గీసిన గీత అది. జాంబపురాణంలో ఎవరు ముందు పుట్టారని బాపనాయనతో వాదం పెట్టుకుని చిందాయన రాత్రంతా గెలుస్తాడు. తెల్లారితే తన వంతు త్యాగం, అంటే ఆటకిచ్చే కట్నం కోసం, రాత్రి ఆట చూసినవాళ్ల గడపల ముందే నిలబడాలి. నేను హక్కని మురిసినదానికి రెండో కొస అది.

మళ్లీ ఆ దినాల ఇంటికి వస్తే, అన్నాలయ్యాక అరుగు మీది ముసలాయన్ని పట్టుకున్నాను. ఫొటో చూసి నవ్వాడు. రాయబారం నాటకమట. కృష్ణుడు మగ్గం నేసేటాయన కొడుకు. అర్జునుడు పటేలు కొడుకు. పడక సీను మీకు తెలిసిందే, దుర్యోధనుడు తల దగ్గర, అర్జునుడు కాళ్ల దగ్గర. నెలన్నర రిహార్సల్, రోజూ పటేలు కొడుకు మగ్గపాయన కొడుకు కాళ్లకాడ కూర్చున్నాడు. ఆట నాడు ఊరంతా చూడంగ కూర్చున్నాడు. "పటేలు ఏమనలేదా?" అంటే, "అన్నడు. అయినా పిలగాడు ఇనలే" అన్నాడు ముసలాయన. ఆ గడియారం కూడా అర్జునుడిదేనట. ఫొటో దిగేటప్పుడు తీసి కృష్ణుడి చేతికి పెట్టాడట.

చిందు ఆటలో చింతచెట్టు కిందినుంచి కదలని నేను, అద్దె డ్రెస్సుల నాటకాన్ని ఇన్నేళ్లు వెక్కిరించాను. ఆ వెక్కిరింపు వాపసు తీసుకుంటున్నాను. హార్మోనియం గోల మీద మాత్రం నా మాట నాదే.

కృష్ణుడు తర్వాత మస్కట్ పోయాడట. ముసలాయనకు తొమ్మిదిలో అయిదు పేర్లు గుర్తున్నాయి. ఫ్రేము విప్పించి, ఫొటో వెనుక ఆ పేర్లు పెన్సిల్‌తో రాసి వచ్చాను. మీ గోడకు ఇలాంటిది ఉంటే మీరూ రాయండి. ఈ వారంలోనే, అడిగితే చెప్పేవాళ్లు అరుగు మీద ఉండగానే.