వింటూ రాస్తేనే వచ్చే ఫ్రెంచి

1857లో ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ కొలువులో ఒక రోజు కాలక్షేపానికి ఉక్తలేఖనం పెట్టారు. రచయిత ప్రోస్పెర్ మెరిమే కావాలనే చిక్కుముడులతో ఒక పేరా కూర్చి పైకి చదివాడు. చక్రవర్తి, మహారాణి ఎజెనీ, విందుకొచ్చిన పెద్దలు అందరూ కలాలు పట్టుకుని రాశారు. చక్రవర్తికి 75 తప్పులు, మహారాణికి 62, అప్పటికే పేరుమోసిన రచయిత చిన్న అలెగ్జాండర్ డ్యూమాకు 24 వచ్చాయని ఫ్రాన్సులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందరికన్నా తక్కువగా మూడంటే మూడు తప్పులతో బయటపడ్డవాడు ఆస్ట్రియా నుంచి వచ్చిన ప్రిన్స్ మెటర్నిక్. పుట్టుకతో అతను ఫ్రెంచివాడు కాదు.

పెద్ద వయసులో ఫ్రెంచి మొదలుపెట్టేవాళ్లకు ఈ కథ ఎంతో ధైర్యమిస్తుంది. పుట్టుకతో ఆ భాష వచ్చినవాళ్లు చెవిని నమ్మి రాసుకుపోతారు. నేర్చుకున్నవాళ్లు మాట విన్నప్పుడల్లా దాని వెనకున్న వ్యాకరణాన్ని తడుముకుంటారు. ఫ్రెంచిలో ఆ తడుముకోవడమే సగం విద్య. ఫ్రెంచివాళ్లు 'దిక్తే' అని పిలిచే ఉక్తలేఖనం ఆ విద్యను నేర్పడానికే పుట్టిందనిపిస్తుంది. తొలి మెట్టు ఎ వన్ నుంచి చివరి మెట్టు సి టూ వరకు ఎక్కడున్నవాళ్లకైనా నేను ముందుగా చెప్పే సాధన ఇదే. యాప్‌లు, వీడియోలు, వ్యాకరణ పుస్తకాలు తర్వాతి సంగతి.

తెలుగువాళ్లకు దీని అవసరం ఇంకాస్త ఎక్కువ. మనం పలికిందే రాస్తాం, రాసిందే పలుకుతాం. ఫ్రెంచిలో ఆ భరోసా ఉండదు. ఒక్క వాక్యం చూడండి: 'లే గ్రాఁద్ ఫీయ్ మాఁజ్ దే పొమ్ రూజ్'. పెద్దమ్మాయిలు ఎర్రటి ఆపిల్‌ పళ్లు తింటున్నారు అని అర్థం. ఇందులో ఏడు మాటలున్నాయి. కాగితం మీద ఏడింటికీ బహువచనపు గుర్తు పెట్టాలి. ఆరు మాటల చివర ఎస్, క్రియ చివర ఎన్‌ టి. చెవికి మాత్రం ఆ ఏడింటిలో రెండే అందుతాయి, 'లే', 'దే'. మిగతా అయిదూ ఏకవచనంలో ఎలా పలుకుతారో బహువచనంలోనూ అలాగే పలుకుతారు. అంటే 'లే' అని వినపడగానే రాబోయే విశేషణం, నామవాచకం, క్రియ మూడింటినీ మనసులో బహువచనంలోకి మార్చుకుని సిద్ధంగా ఉండాలి. ఈ నియమాన్ని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా చేతికి అలవాటు కాదు. ఒకరు చదువుతుండగా రాస్తేనే అవుతుంది.

పద్ధతిగా చేసే దిక్తేకు ఒక వరస ఉంది. మొదట ఉపాధ్యాయులు పేరా మొత్తం మామూలు వేగంతో చదువుతారు. అప్పుడు కలం ముట్టుకోకూడదు. విషయం దేని గురించి, జరిగిపోయిన సంగతా, జరుగుతున్నదా, మాట్లాడేది ఆడా మగా, ఇవన్నీ ఆ మొదటి చదువులోనే పట్టుకోవాలి. రెండోసారి ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్క రెండుసార్లు చదువుతారు. విరామచిహ్నాలూ పైకి చెబుతారు: కామాకు 'వీర్‌గ్యుల్', ఫుల్‌స్టాప్‌కు 'ప్వేఁ', కొత్త పేరాకు 'అ లా లీఞ్'. మూడోసారి మళ్లీ మొత్తం చదువుతారు. ఆ తర్వాత వచ్చే నాలుగైదు నిమిషాల మౌనం ఈ సాధనకు ప్రాణం. క్రియల కింద గీత పెట్టి దేని కర్త ఏదో వెతుక్కోవాలి, ప్రతి విశేషణం ఏ నామానికి చెందిందో చూసుకోవాలి. చాలామంది కొత్తవాళ్లు ఇక్కడ తొందరపడి కాగితం ఇచ్చేస్తారు. సగం తప్పులు ఈ నిమిషాల్లోనే దిద్దుకోవచ్చు.

దిద్దడం వేరే రంగు ఇంకుతో చేసి, తప్పులను రెండు కుప్పలుగా విడదీయాలి. అసలు వినపడనివి ఒక కుప్ప, వినపడినా రాయడం తెలియనివి మరో కుప్ప. మొదటిదానికి మందు ఇంకా వినడం, రెండోదానికి వ్యాకరణం. ఈ తేడా తెలియక వినికిడి లోపానికి నెలల తరబడి క్రియారూపాలు బట్టీ పట్టేవాళ్లు ఎందరో.

వినికిడి విషయంలో తెలుగు మనకు కొంత తోడొస్తుంది. ఫ్రెంచిలో మాటలు విడివిడిగా ఉండవు, కలిసిపోతాయి. 'లే' పక్కన 'అమీ' వస్తే మధ్యలో నిద్రపోతున్న ఎస్ లేచి 'లేజామీ' అవుతుంది. సంధులు చదువుకున్నవాళ్లకు ఇది వింతేమీ కాదు. అయితే ఇక్కడ చెవి ఏమరితే అర్థమే మారిపోతుంది. 'ఇల్‌జోఁ' అంటే వాళ్ల దగ్గర ఉంది, 'ఇల్‌సోఁ' అంటే వాళ్లే ఉన్నారు. ముక్కుతో పలికే అచ్చులకు మన పాత పుస్తకాల అరసున్న అక్కరకొస్తుంది. 'వేఁ' ద్రాక్ష సారా, 'వాఁ' గాలి. మొదటి నెలల్లో నోట్‌బుక్ అంచున ఇలా తెలుగులో రాసుకోవడం తప్పేమీ కాదని నా అభిప్రాయం. కాకపోతే ఫ్రెంచి అక్షరాలు చూడగానే ఆ ధ్వని వినపడే రోజున ఆ తెలుగు రాతను వదిలేయాలి.

మెట్టును బట్టి దిక్తే మారుతుంది. ఎ వన్‌లో అంకెలతో మొదలుపెట్టడం మంచిది. ఫ్రాన్సులో పది అంకెల ఫోన్ నంబరును రెండేసి చొప్పున చదువుతారు. 70 అంటే అరవై పది, 80 అంటే నాలుగు ఇరవైలు, 97 అంటే నాలుగు ఇరవైల పదిహేడు. 'కాత్ర వేఁ' వినగానే చెయ్యి 80 రాసేస్తుంది, వెంటనే 'దీసెత్' వినపడి కొట్టేసి 97 చేయాల్సివస్తుంది. చెయ్యి కాస్త ఆగడం నేర్చుకునేదాకా రోజూ నాలుగు నంబర్లు రాయాలి. బెల్జియంలో 70కి, 90కి సూటి మాటలున్నాయి, అక్కడివాళ్లతో ఈ తిప్పలు లేవు. ఎ టూ, బి వన్ దగ్గర ఫ్రాన్సు అంతర్జాతీయ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ నేర్చుకునేవాళ్ల కోసమే సులభ ఫ్రెంచిలో ఇచ్చే పది నిమిషాల వార్తలు చక్కగా పనికొస్తాయి. చదివిన పాఠం కూడా దొరుకుతుంది కాబట్టి ఒక్క నిమిషం వార్త రాసి మనమే దిద్దుకోవచ్చు.

బి టూలో అసలు పరీక్ష ఎదురవుతుంది. 'నేను పాటలు విన్నాను' అంటే 'విన్న' అనే రూపం మారదు. 'నేను విన్న పాటలు' అని కర్మ ముందుకొస్తే అదే రూపానికి స్త్రీలింగ బహువచనపు గుర్తులు తగిలించాలి. పలుకు మాత్రం రెండింటికీ 'ఆఁతాఁద్యూ' ఒకటే. ఈ నియమం ప్రచారంలోకి రావడంలో 16వ శతాబ్దపు కవి క్లెమాఁ మారోకు భాగముంది. బడి పిల్లల దగ్గర్నుంచి పత్రికలవాళ్ల దాకా ఫ్రెంచివాళ్లే ఇక్కడ తడబడతారు.

దిక్తే సంప్రదాయానికి ఒక చీకటి పార్శ్వమూ ఉంది. ఫ్రాన్సు ప్రాథమిక విద్య సర్టిఫికెట్ పరీక్షలో ఒకప్పుడు దిక్తేలో అయిదు తప్పులొస్తే సున్నా. తరతరాల పిల్లలకు అది బెత్తంలా కనపడింది. తర్వాత పాత్రికేయుడు బెర్నార్ పీవో 1985 నుంచి 2005 దాకా టీవీలో జాతీయ పోటీలు నడిపి దాన్ని పండగ చేశాడు. 2023 జూన్‌లో పారిస్ షాఁజెలీజే వీధి నడిబొడ్డున బల్లలు వేసి వేల మందితో రాయించారు. తరగతుల్లో ఇప్పుడు బేరసారాల దిక్తే అనే పద్ధతి ఉంది. ముగ్గురు నలుగురు తమ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, ఇక్కడ ఎస్ ఎందుకు, అక్కడ ఇ ఎందుకు అని వాదించుకుని ఒకే ప్రతి తయారుచేస్తారు. పెద్దవాళ్లకు ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనపడలేదు. పెద్దవాళ్లకు కారణం కావాలి, వాదనలో కారణం బయటికొస్తుంది.

మన దగ్గర ఫ్రెంచి కొత్తదేం కాదు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది, అక్కడ తెలుగు ఇళ్ల పిల్లలు ఫ్రెంచి బడుల్లో చదివారు. ఇంటర్‌లో మార్కుల కోసం రెండో భాషగా ఫ్రెంచి తీసుకునేవాళ్లు హైదరాబాద్‌లో ఎప్పుడూ ఉన్నారు. ఇప్పుడు కెనడా వలస కోసం ముప్పై దాటిన ఉద్యోగులు రాత్రిపూట తరగతుల్లో కూర్చుంటున్నారు. వాళ్లు రాసే పరీక్షల్లోగానీ, 1985లో మొదలైన ఫ్రెంచి ప్రావీణ్య పరీక్షలు డెల్ఫ్, డాల్ఫ్‌లలోగానీ దిక్తే లేదు. అందుకే కోచింగ్‌లో దాన్ని పక్కన పెట్టేస్తారు. నాకిది బాధగా ఉంటుంది. డెల్ఫ్‌లో వినడానికి 25 మార్కులు, రాయడానికి 25. దిక్తే ఆ రెంటినీ ఒకేసారి సాన పడుతుంది. మాట్లాడటం మాత్రం దీనివల్ల రాదు, అది మనుషులతోనే రావాలి.

సి వన్‌కు చేరాక మాట పొల్లుపోకుండా రాసే పని తగ్గించి, రెండుసార్లు విని, ముఖ్యమైన మాటలే రాసుకుని, పేరాను సొంతంగా తిరిగి కట్టాలి. డాల్ఫ్ సి వన్‌లో రెండు మూడు పాఠాలిచ్చి, సొంత అభిప్రాయం ఒక్కటీ చేర్చకుండా 220 మాటలకు అటూఇటూగా క్రోడీకరించమంటారు. ఆ పనికి ఇదే తాలీము. తోడు దొరికితే వారానికోసారి ఫోన్‌లో ఒకరు చదవాలి, ఇంకొకరు రాయాలి. చదివేవాళ్లు ఒక సంధి మింగేసినా, ఒక ముక్కుపలుకు తప్పినా అది అవతలివాళ్ల కాగితం మీద తేలుతుంది. దిద్దుకున్నాక ఇద్దరూ పాత్రలు మార్చుకుని ఇంకో పేరా తీయాలి.