గొంగడి పుట్టే చోటు

కాళ్లు కలిపి కట్టి పక్కకు ఒరిగించగానే గొర్రె కాసేపు గింజుకుంది. తరువాత మెడ నేలకు వాల్చి ఊరుకుంది. సిద్దిపేట వైపు ఒక ఊళ్లో, చింతచెట్టు నీడన, మోకాలితో దాన్ని మెల్లగా అదిమిపెట్టి పెద్దయ్య కత్తెర అందుకున్నాడు. జానెడుకు మించిన అలుగులున్న ఇనుప కత్తెర. ఎడమ అరచేత్తో చర్మాన్ని వెనక్కి బిగబడుతూ, కుడిచేత్తో ఒంటికి ఆనించి కత్తిరిస్తూ పోయాడు. చర్మం బిగబట్టకపోతే ముడత కత్తెర నోట్లో పడుతుంది. గాయమైతే ఈగ వాలుతుంది, పురుగు పడుతుంది. అందుకే పక్కన ఒక చిప్పలో పసుపు కలిపిన వేపనూనె సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆ పొద్దంతా దానితో పని పడలేదు.

పైనుంచి చూస్తే ఆ గొర్రె ఎండకు మాడి, దుమ్ము కొట్టుకుని గోధుమరంగుకు తిరిగి ఉంది. కత్తెర వెంట పొర విప్పుకున్న కొద్దీ లోపల కాటుక నలుపు బయటపడింది. ఆ నలుపు మీద సన్నని మెరుపు. ఉన్నిలో సహజంగా ఉండే కొవ్వు అది. చేతికి తీసుకుంటే వేళ్లకు నూనె రాసుకున్నట్టు అంటింది. ఇంటికి వచ్చేదాకా ఆ వాసన పోలేదు. పోగొట్టుకోవాలని నాకూ అనిపించలేదు.

“ఒకప్పుడు గీ ఉన్ని మాకు పైసలిచ్చేది బిడ్డా. ఇప్పుడు కత్తిరించెటోనికి మేమే ఎదురియ్యాలె. గందుకే నేనే కూసున్న” అన్నాడు పెద్దయ్య.

తెలంగాణ కురుమల మందల్లో ఈ మాట ఇప్పుడు కొత్త కాదు. ఉన్నికి ధర లేదు, కానీ కత్తిరించక తప్పదు. కత్తిరించకపోతే ఒంటిమీద ఉన్ని చిక్కులుపడి, పేలూ గోమార్లూ చేరి గొర్రె చిక్కిపోతుంది. ఏడాదికి రెండుసార్లు కోత. కోసింది కొనేవాడు లేక కంచె పక్కన పారేసిన కుప్పలు నేను చాలా ఊళ్లలో చూశాను. ఒక్కసారి చేత్తో తడిమి చూస్తే అది పారేయదగ్గ వస్తువు కాదని తెలుస్తుంది.

ఈ గొర్రె దక్కనీ జాతిది. మన ఊళ్లలో నల్లగొర్రె అంటారు. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్ర మెట్ట నేలల్లో పుట్టి పెరిగిన జాతి. పొట్టి ఒళ్లు, గట్టి కాళ్లు. రోజంతా నడుస్తుంది, మోడువారిన బీడులోనూ ఏదో ఒకటి గిల్లుకు తింటుంది, వానలో తడిసినా ఎండలో మాడినా తట్టుకుంటుంది. ఒక్కో కోతకు దాని నుంచి వచ్చే ఉన్ని అరకిలో, అంతకు కాస్త అటూ ఇటూ. ఆస్ట్రేలియా మెరీనో గొర్రె ఇచ్చేదానితో పోలిస్తే ఇది చిటికెడు. పోగు మందంలోనూ తేడానే. మెరీనో పోగు 24 మైక్రాన్లకు మించదు, దక్కనీ పోగు 50 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. కాబట్టి పుస్తకాలు దీన్ని ముతక ఉన్ని అని రాసి పక్కన పెట్టేశాయి. స్వాతంత్ర్యం వచ్చాక కొన్ని దశాబ్దాలపాటు మన పశుసంవర్ధక ప్రయత్నాలన్నీ ఈ ముతకదనాన్ని పోగొట్టే దిశగానే సాగాయి. విదేశీ పొట్టేళ్లతో సంకరం చేసి సన్న ఉన్ని తీయాలని చూశారు. సన్న ఉన్నికి మంచి మేత, తీరిక కావాలి. మన మంద రాళ్ల నేల మీద, తుమ్మ ముళ్ల మధ్య నడిచే మంద.

నా దృష్టిలో ముతకదనం ఈ ఉన్నికి లోపం కాదు, దాని పనే అది. ఈ పోగుల్లో చాలావాటికి నడుమ సన్నని బోలు ఉంటుంది. ఆ బోలులో గాలి నిలుస్తుంది. పోగు మీద పొలుసులు, పొలుసుల మీద కొవ్వు. వానచినుకు పడగానే లోపలికి ఇంకకుండా జారిపోతుంది. గాలిలోని తేమను మాత్రం ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతుదాకా పీల్చుకుంటుంది. అప్పటికీ ఒంటికి తడి తగలదు. నెగడు దగ్గర పడుకున్నప్పుడు నిప్పురవ్వ ఎగిరి పడితే అక్కడికక్కడ కమిలి ఆరిపోతుంది. అదే రవ్వ అక్రిలిక్ దుప్పటి మీద పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. మందతో పాటు ఆరుబయట పడుకునే మనిషికి ఏది కావాలో చెప్పనక్కర్లేదు.

ఆ మనిషి కోసం పుట్టిందే గొంగడి.

గొంగడి అంటే మగ్గం మీద నేసేదని అనుకుంటాం. నిజానికి అది కోతకు ముందే, కుంట దగ్గరే మొదలవుతుంది. కోతకు ఒకటి రెండు రోజుల ముందు గొర్లను నీళ్లలోకి దింపి కడుగుతారు. మట్టీ పేడా పోవాలి, కొవ్వు పోకూడదు. అందుకే సబ్బు ముట్టరు. కడిగిన మందను గడ్డినేల మీద ఆరబెట్టి, ఒళ్లు పూర్తిగా ఎండాకే కత్తెర పెడతారు. తడి ఉన్ని మూట కడితే ముక్కిపోతుంది. తరువాత ఏరుకోవడం. పల్లేరుకాయ, ఉత్తరేణి గింజ ఒక్కటి మిగిలినా వడికేటప్పుడు వేలికి గుచ్చుకుంటుంది, నూలు తెగుతుంది. పొట్ట కింది ఉన్ని, కాళ్ల ఉన్ని వేరు. వీపు ఉన్ని వేరు. మొదటి కోతకు వచ్చిన పిల్లల ఉన్నిని మాత్రం విడిగా మూట కడతారు. అది పట్టులా ఉంటుంది. దానితో నేసిన గొంగడి ఏ ఇంట్లోనైనా పెట్టెలోనే ఉంటుంది.

అక్కడి నుంచి పని ఆడవాళ్ల చేతిలోకి వెళుతుంది. దూదిని ఏకినట్టే ఉన్నినీ వింటితో ఏకుతారు. నారి టంగుమన్నప్పుడల్లా చిక్కుముడి విడిపోయి, ఉన్ని నురగలా లేస్తుంది. ఏకులు చేసి రాట్నం మీద వడుకుతారు. నేను చూసిన అవ్వ వడికేటప్పుడు నూలు వంక చూడనే లేదు. కోడలితో మాట్లాడుతూనే ఉంది. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏకు జారుతున్న తీరును బట్టి లావు తేడా తెలిసిపోతుందట. పడుగుకు వడికే నూలుకు పురి ఎక్కువ వేయాలి, పేకకు తక్కువ. పడుగు బిగువును తట్టుకోవాలి, పేక మెత్తగా ఒదిగి సందులు పూడ్చాలి. ఒక గొంగడికి పట్టే కాలంలో ఎక్కువ భాగం ఈ వడుకులోనే గడుస్తుంది. గొంగడికి ధర కట్టేటప్పుడు మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఇదే. మగ్గం మీద గడిపిన రోజులకు కూలి కడతారు. రాట్నం దగ్గర గడిచిన వారాలు ఇంటిపనిలో కలిసిపోతాయి. ఈ అన్యాయం సరిచేయకుండా ఈ విద్యను నిలబెట్టాలని ఎంత మాట్లాడినా లాభం లేదు.

ఇక చింతగింజల గంజి. గొంగడి రహస్యమంతా ఇందులోనే ఉందని నేను నమ్ముతాను. చింతగింజలను వేయించి, పై తోలు తీసి, నానబెట్టి, రుబ్బి, అంబలిలా ఉడికిస్తారు. వీధిలో రెండు చివర్లా గుంజలు పాతి పడుగును సాగదీసి కడతారు. ఇద్దరు మనుషులు పెద్ద కుంచెలు పట్టుకుని, ఆ గంజిని పడుగుకు ఒక చివరి నుంచి మరో చివరికి పట్టిస్తూ పోతారు. అదే నడక, అదే ఒత్తిడి, మళ్లీ మళ్లీ. నూలు మీద లేచి ఉన్న నూగు అణిగి, పోగులు దేనికది విడివడి, ఎండకు ఆరి తీగల్లా బిగుస్తాయి. ఇలా గంజి పట్టించకపోతే ముతక నూలు ఒకదానికొకటి చిక్కుకుని మగ్గం మీద ముందుకు సాగదు. మబ్బు పట్టిన రోజున ఈ పని పెట్టుకోరు. ఉన్ని గొర్రెది, జిగట ఊరి చింతచెట్టుది, ఆరబెట్టే ఎండ అందరిదీ. బయట నుంచి కొనితెచ్చేది ఏదీ లేదు.

నేత గుంటమగ్గం మీద. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. పేక వేసిన ప్రతిసారీ కత్తిలాంటి చెక్కబద్దతో గట్టిగా కొట్టి బిగిస్తాడు. ఆ దెబ్బల చప్పుడు వీధి చివరికి వినిపిస్తుంది. రంగు అద్దేది లేదు. నల్లటి ఉన్ని నలుపు, తెల్లటి గొర్రె ఉన్ని అంచు, అంతే. బరువును బట్టి రెండు మూడు కిలోల ఉన్ని పడుతుంది, అంటే నాలుగు నుంచి ఆరు గొర్రెల ఒక కోత. మగ్గం మీది నుంచి దిగిన రోజున గొంగడి అట్టలా ఉంటుంది, ఒంటికి గుచ్చుకుంటుంది. వానలో తడిసి, ఎండలో ఆరి, ఒంటికింద నలిగిన కొద్దీ పోగుల పొలుసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని బట్ట దగ్గరపడుతుంది, మెత్తబడుతుంది. పాతబడ్డ గొంగడే మంచి గొంగడి. మా తాత గొంగడి అలాంటిదే. ఆయన దాన్ని మధ్యకు మడిచి తలమీద కొప్పెర పెట్టుకుని ముసురులో పొలానికి పోయేవాడు. వానలో నానితే బరువెక్కేది, ఆరడానికి రెండు రోజులు పట్టేది, అది నిజమే. కానీ ఆయన భుజాలు తడవగా నేను చూడలేదు.

పరుపు, దుప్పటి, గొడుగు, గింజలు ఎండబోసే పట్ట, నలుగురూ కూర్చుని తగవు తీర్చే జంఖానా, అన్నీ అదే. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు అన్న సామెత గొంగడి మీద అన్నం తిన్నవాళ్ల నోటి నుంచే వచ్చి ఉంటుంది. ఒంటినిండా నూగున్న పురుగును చూసి మనవాళ్లకు తోచిన పేరు కూడా గొంగళిపురుగే. కురుమల కులదైవం బీరప్ప కొలువులో గొంగడి ఉంటుంది. కొమురవెల్లి, ఐనవోలు మల్లన్న జాతరలకు గొల్లకురుమలు దాన్ని భుజాన వేసుకునే వస్తారు. తెలంగాణ రైతాంగ పోరాటంలో, 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తూటాకు నేలకొరిగిన దొడ్డి కొమురయ్య కురుమ ఇంటి బిడ్డ. ఆ తరువాతి కాలంలో గాయకుడు గద్దర్ భుజం మీద గొంగడి కనబడిందంటే, అది ఎవరి తరఫున నిలబడిందో చూసేవాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. రాయలసీమ కురుబలకు ఇదే కంబళి. సరిహద్దు దాటితే కర్ణాటకలోని చళ్లకెరె కంబళ్లకు పేరుపడ్డ ఊరు.

మరి ఇన్నిటికీ మూలమైన నల్లగొర్రె ఎందుకు తగ్గిపోతోంది? మాంసం ధర పెరిగింది, ఉన్ని ధర పడిపోయింది. నెల్లూరు జాతి మన దేశపు గొర్రెల్లోకెల్లా ఎత్తైనది, పిల్ల తొందరగా తూకానికి వస్తుంది. దాని ఒంటి మీద ఉండేది వెంట్రుకే, ఉన్ని కాదు. కాపరులు నెల్లూరు పొట్టేలును తెచ్చి నల్లగొర్రెల మందలో విడిచారు. రెండు మూడు తరాలకు మంద ఎత్తు పెరిగింది, ఒంటిమీద ఉన్ని పలచబడింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున గొల్లకురుమ కుటుంబాలకు పంచింది. చాలా ఇళ్లకు ఆ గొర్రె అక్కరకొచ్చింది, కాదనను. కానీ బయటి రాష్ట్రాల నుంచి లారీల్లో దిగిన ఆ గొర్రెల్లో ఎక్కువ నెల్లూరు రకాలవే. ఊరి నల్లగొర్రెను నిలుపుకున్నవాడికి కూడా ఏదో ఒకటి ఇవ్వాలన్న ఆలోచన అప్పుడే వచ్చి ఉంటే బాగుండేది.

పదో పదిహేనో గొర్రెలు పెంచుకునే చిన్న రైతులు ఇప్పుడు నన్ను అడుగుతుంటారు, నల్లగొర్రె పెడితే గిట్టుబాటవుతుందా అని. ఉన్ని ఒక్కదాని మీదే అయితే కాదు. నల్లగొర్రె ఎప్పుడూ ఉన్ని ఒక్కదానితో బతికించలేదు. పంట కోత అయిన చేలల్లో రాత్రి మంద పండబెడితే రైతు గింజలో డబ్బో ఇస్తాడు. పిల్లలు అమ్మకానికి వస్తాయి. ఉన్ని ఆ పైన. చేయాల్సిందల్లా, ఉన్ని దట్టంగా ఉన్న నల్ల పొట్టేలును మందలో ఉంచుకుని, నెల్లూరు పొట్టేలును దూరం పెట్టడం. కడిగి, ఎండబెట్టి, రకాలుగా ఏరిన ఉన్నికి కలగాపులగపు మూట కంటే విలువ ఎక్కువ. దేనికీ పనికిరాని పొట్ట ఉన్నిని కూడా పారేయొద్దు. అందులో నత్రజని దండిగా ఉంటుంది. నిమ్మ, జామ పాదుల్లో పరిస్తే తేమ నిలిచి, మెల్లగా ఎరువవుతుంది.

కొనేవాళ్లూ పూర్తిగా లేకపోలేదు. ఈ ఉన్నితో కార్పెట్లు, సంచులు, యోగా చాపలు చేస్తున్నారు. గొంగడి బట్టతో రైతుల కోసం బూట్లు కుట్టిన యువకులు హైదరాబాద్‌లోనే ఉన్నారు. దక్కనీ ఉన్ని పోగులనే బొమ్మలుగా మలిచి తీసిన ‘దేశీ ఊన్’ అనే చిన్న యానిమేషన్ చిత్రానికి 2025లో ఫ్రాన్స్‌లోని అనెసీ ఉత్సవంలో జ్యూరీ అవార్డు వచ్చింది. ఇవన్నీ సంతోషమే. అయితే సంచులకు ఉన్ని ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు. చింతగంజి పట్టించిన గొంగడికి నల్లగొర్రే కావాలి. అందుకని ఇంట్లో ఒక్క గొంగడి కొనుక్కోండి అని నేను తెలిసినవాళ్లందరినీ బతిమాలుతుంటాను.

ఆ రోజు మధ్యాహ్నానికి పద్దెనిమిది గొర్రెల కోత అయింది. కట్లు విప్పగానే ఒక్కొక్కటీ దులుపుకుని లేచింది. ఉన్ని పోయిన ఒంటితో సగానికి సగం చిక్కినట్టు, కొత్తగా పుట్టినట్టు ఉన్నాయి. దొడ్డి తలుపు తీయగానే పిల్లలు పరుగెత్తుకొచ్చి ఆగిపోయాయి. ఎదురుగా ఉన్నది తల్లో కాదో తెలియక దూరం జరిగాయి. ఒక పిల్ల మూడుసార్లు దగ్గరికొచ్చి మూడుసార్లూ వెనక్కి పోయింది. తల్లి అరిచింది. గొంతు విన్నాక అది తోక ఆడిస్తూ పొదుగు కిందికి దూరింది. పెద్దయ్య పిల్ల ఉన్నిని ఒక పాత ధోవతి ముక్కలో మూట కట్టి, తన మనవరాలి కాన్పు దగ్గరపడిందని చెప్పి, ఆ మూటను దూలం మీద పెట్టించాడు.