కొమ్మ నరికే విద్య

రామతీర్థంలో కొండ మీదికి నీళ్లు ఎక్కించాలనుకుందాం. చేతిలో రెండు లక్షలున్నాయి. పెద్ద పంపు యాభై వేలు, గంటకి 8 వేల లీటర్లు ఎక్కిస్తుంది. చిన్నది ముప్ఫై వేలు, 5 వేల లీటర్లు. బిగించడానికి అయిదు దిమ్మలే ఉన్నాయి. ఏవి ఎన్ని కొనాలి? ముక్కల్నీ ఒప్పుకునే సింప్లెక్స్ పద్ధతిని అడిగితే పెద్దవి రెండున్నర, చిన్నవి రెండున్నర, గంటకి 32,500 లీటర్లు అంటుంది. అర పంపు ఏ దుకాణంలో అమ్ముతారు?

మూడేసి కొందామంటే డబ్బూ చాలదు, దిమ్మలూ చాలవు. రెండేసి కొంటే 26 వేల లీటర్లే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు విద్య ఇక్కడే మొదలవుతుంది. దాని పేరు బ్రాంచ్ అండ్ బౌండ్. నాకు తెలిసిన లెక్కల విద్యల్లో ఇంత నిజాయితీ గలది మరొకటి లేదు.

విజయనగరంలో మా మాస్టారు దీన్ని బోర్డు మీద తలకిందుల చెట్టులా గీసేవారు. పెద్ద పంపులు రెండున్నర వచ్చాయి కనక రెండు కొమ్మలు: ఒకదాంట్లో రెండుకి మించవు, రెండోదాంట్లో మూడుకి తగ్గవు. మధ్యనున్న ముక్కల జవాబులు తెగిపోయాయి గానీ పనికొచ్చే జవాబు ఒక్కటీ జారిపోలేదు. మొదటి కొమ్మలో పెద్దవి రెండు, చిన్నవి మూడు, 31 వేల లీటర్లు. ఇది చేతికందిన కాయ. రెండో కొమ్మలో పెద్దవి మూడు, చిన్నవి ఒకటీ, మరో మూడింట రెండొంతులూ. దాని ఆశ, అంటే ఆ కొమ్మ దాటలేని హద్దు, 32,333. చేతిలో ఉన్నదానికన్నా ఎక్కువ, కనక నరకకూడదు, మళ్లీ చీల్చాలి. చిన్నవి రెండు కొంటే ఖర్చు రెండు లక్షల పదివేలవుతుంది. ఆ కొమ్మ ఎండిపోయింది. ఒకటికి మించకూడదంటే పెద్దవి 3.4, ఆశ 32,200. ఇంకోసారి చీలిస్తే, పెద్దవి మూడే అన్నచోట 29 వేలు. చేతిలో 31 ఉండగా దీంతో పనేముంది? మాస్టారు సుద్దముక్కతో టక్కున ఇంటూ కొట్టేవారు. పెద్దవి నాలుగు అన్నచోట చిన్నవి సున్నా, 32 వేలు. చూడాల్సిన కొమ్మ ఇంకేదీ మిగల్లేదు.

నాలుగు పెద్ద పంపులు, చిన్నవి అసలే వద్దు, ఒక దిమ్మ ఖాళీ! సగంసగం అన్న లెక్క చివరికి ఒక రకాన్ని పూర్తిగా వదిలేసింది. దగ్గర్లోని అంకెకి సర్దుకునేవాడికి ఈ జవాబు కలలోకైనా వస్తుందా?

దీని పుట్టుక సంగతి క్లుప్తంగా చెబుతాను. 1960లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఐల్సా లాండ్, అలిసన్ డోయిగ్ అనే ఇద్దరు మహిళలు బ్రిటిష్ పెట్రోలియం ఇచ్చిన సొమ్ముతో ఈ దారి వేశారు. కంప్యూటర్ అందుబాటులో లేక, బల్ల మీది కాలిక్యులేటర్లతోనే లెక్కలు చేశారు. ఆ చేతులకి నమస్కారం.

కానీ బ్రాంచ్ అండ్ బౌండ్ అన్న పేరు పెట్టి ఊరూరా నిలబెట్టింది 1963 నాటి వ్యాసం. రాసినవాళ్లు నలుగురు: జాన్ లిటిల్, డ్యూరా స్వీనీ, కరోలిన్ కారెల్, మన కట్టా గోపాలకృష్ణ మూర్తి. అప్పటికాయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మనిషి, తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. తిరుగుడు వర్తకుడి సమస్య తీసుకున్నారు: అన్ని ఊళ్లూ ఒక్కోసారి చుట్టి, అతి తక్కువ దూరంలో ఇంటికి చేరాలి. నలభై ఊళ్లకి దారుల సంఖ్య నలభై ఏడు అంకెలు! ఐబీఎం 7090 కంప్యూటర్ మీద అలాంటి లెక్కని సగటున ఎనిమిది నిమిషాల పైచిలుకులో తేల్చారు.

ఆ పనితనం చూడండి. దూరాల పట్టికలో ప్రతి అడ్డువరుస నుంచీ అందులోని కనిష్ఠాన్ని తీసెయ్యాలి, తర్వాత నిలువు వరుసల నుంచీ అలాగే. తీసేసిన అంకెల మొత్తమే హద్దు. ఎంత తెలివైన వర్తకుడైనా ఆ దూరానికి తక్కువలో తిరగలేడు. ఇక పట్టికలో మిగిలిన సున్నాల్లో దేన్ని వదులుకుంటే నష్టం ఎక్కువో ఆ దారి మీదే కొమ్మ చీల్చాలి: వెళ్తే ఒకటి, వెళ్లకపోతే ఒకటి. ఏ కొమ్మని ముందు పట్టాలో తెలియడమే చెయ్యి తిరిగినతనం.

1962లోనే ఎస్.ఎన్.ఎన్. పండిట్ రాసిన లోడింగ్ ప్రాబ్లెమ్ వ్యాసం నుంచి వచ్చిన లెక్సీ సెర్చ్ కూడా ఈ వంశానిదే. నిఘంటువులో మాట వెతికినట్టు వరసలో వెతుకుతుంది. వరంగల్‌లో, తిరుపతిలో దాని మీద పరిశోధనలు నడిచాయి. బ్రాంచ్ అండ్ బౌండ్ చెట్టుకే కోతలు (కటింగ్ ప్లేన్స్) జోడించి 2006లో 85,900 బిందువుల దారిని తేల్చారు. ఇంతకన్నా పొట్టి దారి లేదని రుజువుతో సహా!

ఇప్పుడు ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు తిరగేస్తే కడుపు మండుతుంది. అన్నీ జీవుల తీరుని అనుకరించి జవాబు వెతికే ఉపాయాలే: చీమల పద్ధతి, గబ్బిలాల పద్ధతి, తోడేళ్ల పద్ధతి! రంగుల గ్రాఫులు, చివర్న ఉత్తమ పరిష్కారం అన్న మాట. ఉత్తమమని ఎవరు చెప్పారు? హద్దేదీ? నేను చూసిన ఒక రిపోర్టులో నాలుగు చలరాశుల లెక్కకి జవాబుల్ని వెయ్యి తరాల పాటు పెంచారు. కాగితం మీద అరగంటలో తేలే లెక్క. తీరా చూస్తే జవాబు తప్పు. తప్పని చెప్పగలిగింది మాత్రం ఈ పాత చెట్టే. కొండంత లెక్కలకి ఆ ఉపాయాలు పనికొస్తాయి, కాదనను. చేతికి మంచి కాయ అందివ్వగలవు. కానీ ఇంకెక్కడా ఇంతకన్నా మంచి కాయ లేదని తమంతట తాము చెప్పలేవు. ఈ చెట్టుని నడిపే సాఫ్ట్‌వేర్ ఎంత వేగంగా జవాబిచ్చినా పక్కనే గ్యాప్ అని ఒక అంకె చూపిస్తుంది. అది చేతిలోని కాయకీ మిగిలిన ఆశకీ మధ్య దూరం. దాన్ని చదవడం రాని ఇంజనీరుకి జవాబు ఒక వరం లాంటిదే, దేవుడిచ్చినట్టు తీసుకోవాలి. పరీక్ష గైడుల్లోనేమో బ్రాంచ్ అండ్ బౌండ్ అధ్యాయం ఒక పేజీకి కుదించుకుపోయింది, మెట్లు బట్టీపట్టి అయిదు మార్కులు తెచ్చుకోవడానికి.

మా ప్రాంతపు అధ్యాపకులకి చేతులు జోడించి అడుగుతున్నాను. రామతీర్థం, నెల్లిమర్ల, విజయనగరం, గుర్ల, గరివిడి, చీపురుపల్లి, రాజాం, బొబ్బిలి, గజపతినగరం, కొత్తవలస. ఈ పది ఊళ్ల దూరాల పట్టిక పిల్లలకివ్వండి. రామతీర్థంలో బయల్దేరి తిరిగి రావడానికి 3,62,880 వరసలున్నాయి. ఒక్క మధ్యాహ్నం, ఒక పెన్సిలు, ఒక రబ్బరు చాలు. ఆ లక్షల వరసలు వాళ్ల చేతికింద గుత్తులు గుత్తులుగా రాలిపోతుంటే వాళ్ల ముఖాలు చూడండి. ఆ తర్వాత వైవాలో ఏ పద్ధతి వాడినవాణ్ణయినా ఒక్క ప్రశ్న అడగండి, మా మాస్టారు అడిగినట్టే: "జవాబు సరే బాబూ, హద్దెంత?"