నలగడమే దాని పని

ఇంట్లోనే కారుకు ఆయిల్ మార్చుకునేవాళ్ళు ఆయిల్ గ్రేడు గురించి, ఫిల్టరు గురించి గంటల తరబడి మాట్లాడతారు. డ్రెయిన్ బోల్టు కింద ఉండే వాషర్ సంగతి అడిగితే మాత్రం "పాతదే వేశాం, బానే ఉందిగా" అంటారు. నన్నడిగితే ఆ మొత్తం పనిలో అన్నిటికన్నా తెలివిగా ఆలోచించి చేసిన వస్తువు అదే.

హోండా సిటీని తీసుకుందాం. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని మన మెకానిక్కులు ఛాంబర్ అంటారు. దాని పల్లంలో 14 మిల్లీమీటర్ల ఉక్కు బోల్టు, విప్పడానికి 17 నంబరు స్పానర్. ఛాంబర్ చాలా మోడళ్ళలో పోత అల్యూమినియం. ఈ రెంటికీ నడుమ రూపాయి బిళ్ళంత అల్యూమినియం వాషర్.

ఆయిల్‌ను ఆపేది మరలే అనిపిస్తుంది గానీ, మరలు పట్టు ఇస్తాయంతే. వాటి సందున సన్నటి ఖాళీ ఒకటి చుట్లు తిరుగుతూ లోపలినుంచి బయటిదాకా వస్తుంది. వేడికి పలచబడ్డ ఆయిల్‌కు ఆ దారి చాలు. అడ్డుపడాల్సింది బోల్టు తల కింది అంచు. అయితే ఎంత నున్నగా చెక్కిన లోహం మీదైనా కంటికి ఆనని గీతలూ గుంటలూ ఉంటాయి. గట్టి లోహం గట్టి లోహానికి మిట్టల దగ్గరే తగులుతుంది, పల్లాల్లోంచి ఆయిల్ జారిపోతుంది.

ఆ పల్లాల్ని నింపడానికే వాషర్. బోల్టు బిగుసుకునే కొద్దీ మెత్తటి అల్యూమినియం నలిగి వాటిలోకి పాకుతుంది. హోండా చెప్పిన బిగింపు 39 న్యూటన్ మీటర్లు. చేతికి అదేమంత బలమనిపించదు. నిజానికి అందులో సింహభాగం రాపిడికే పోతుంది, నొక్కడానికి పనికొచ్చేది పదో వంతు కూడా ఉండదు. కానీ ఒక పూర్తి చుట్టుకు బోల్టు లోపలికి జరిగేది 1.5 మిల్లీమీటర్లే. అంత సన్నని వాలు కాబట్టి ఆ కాస్త బలమే ఎన్నో రెట్లవుతుంది. మామూలు లెక్క ప్రకారం వాషర్ మీద పడే బలం సుమారు 14 వేల న్యూటన్లు, అంటే దాదాపు 1,400 కిలోల బరువు. ఖాళీ సిటీ కారు అంత తూగదు.

అలా నలిగిన లోహం గట్టిపడుతుంది. విప్పిన వాషర్‌ను వెలుగులో పట్టి చూస్తే బోల్టు తల దిగిన వలయం కనిపిస్తుంది. అది ఆ బిగింపుకు కుదిరిన అచ్చు. రెండోసారి తల సరిగ్గా అక్కడే కూర్చోదు, కొత్త గీతల్లోకి పాకే మెత్తదనమూ మిగలదు. చెమ్మ కనిపించగానే మనిషి ఇంకాస్త బిగిస్తాడు. అప్పుడు దెబ్బతినేది వాషర్ కాదు, ఛాంబర్ మరలు. అగ్గువ వస్తువు చేయాల్సిన త్యాగం ఖరీదైన వస్తువు నెత్తిన పడుతుంది.

రాగి వాషర్ అయితే ఇంకో అవకాశం ఉంది. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది. ఉక్కును అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి తీరు వేరు. సుత్తి దెబ్బలకు బిగుసుకున్న బిందెను మధ్యమధ్య కాల్చుకుంటూ సాగగొట్టే కంచరులకు ఇది కొత్త సంగతేం కాదు. అల్యూమినియంతో ఇంట్లో ఆ పని పెట్టుకోకూడదు, ఎర్రబడి హెచ్చరించకుండానే కరిగిపోతుంది. సుబారు వాళ్ళది మరో ఉపాయం: రేకును మడిచి చేసిన బోలు వలయం. బిగిస్తుంటే మడత కూలడం స్పానర్ పట్టిన చేతికి తెలుస్తుంది.

ఇక చేతిపని. కారు స్టాండ్ల మీద నిలవాలి, వట్టి జాకీని నమ్మి కిందికి దూరకూడదు. ఆయిల్ చెయ్యి కాలనంత వెచ్చగా ఉంటే చాలు. చివరి చుట్లలో బోల్టును లోపలికి నొక్కిపట్టి తిప్పుతూ, మర వదలగానే చటుక్కున పక్కకు లాగేయాలి. వెంటనే చూడాల్సింది పాత వాషర్ బోల్టుతో పాటు వచ్చిందా లేదా అని. చాలాసార్లు అది ఛాంబర్‌కే అంటుకుని, నల్ల జిడ్డులో కలిసిపోయి, అసలు లేనట్టే ఉంటుంది. గోటితో అంచు తడిమి చూడాలి. దాని మీద కొత్తది వేస్తే రెండూ సరిగ్గా కూర్చోవు. వాషర్ ఆనే ఛాంబర్ ముఖాన్ని గుడ్డతో తుడవాలే గానీ స్క్రూడ్రైవరుతో గీకకూడదు. ఒక్క అడ్డగీత పడినా ఆయిల్‌కు కాలువ తవ్వినట్టే.

కొత్త వాషర్ తొడిగిన బోల్టును ముందు వేళ్ళతో వెనక్కి తిప్పాలి. మర మొదలు దగ్గర చిన్నగా టక్కుమంటుంది, అక్కణ్ణుంచి ముందుకు. వాషర్ తగిలేదాకా వేళ్ళే పనిచేయాలి, మధ్యలో బిగుసుకుంటే అది అడ్డంగా ఎక్కుతున్నట్టు. ఆ తర్వాత టార్క్ రెంచ్ 39 దగ్గర క్లిక్ అనగానే చెయ్యి ఆపేయాలి. ఇంకొంచెం అనే ఆశ ప్రతివాడికీ పుడుతుంది.

కొత్త ఆయిల్ పోసి, ఇంజను కాసేపు నడిపి ఆపాక బోల్టు చుట్టూ తుడిచి, తెల్లటి టిష్యూ అద్ది చూడాలి. పొడిగా ఉంటే సరే. తడిస్తే బిగించబోకుండా, శుభ్రమైన పళ్ళెంలోకి ఆయిల్ దించి, ఛాంబర్ ముఖం మీద గీత ఎక్కడుందో టార్చి వేసి వెతకాలి.