గాలికో దారి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో రాత్రి పదకొండు దాటినా గోడలు పగలు తాగిన ఎండను వదలవు. అలాంటి రాత్రి కంప్యూటర్ క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి, గోడకు ఆనించి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకోవడం మన ఊళ్లలో గేములు ఆడే పిల్లలకూ, వీడియోలు ఎడిట్ చేసుకునే వాళ్లకూ బాగా తెలిసిన చిట్కా. నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. ఉష్ణోగ్రత తగ్గిందని సంతోషించి అక్కడితో ఆగిపోయేవాణ్ని. ఆ తగ్గుదలలో ఒక నిర్ధారణ దాగుందని ఆలస్యంగా తెలిసింది. రేకు తీయగానే ప్రాసెసర్ పది డిగ్రీలు చల్లబడితే హీట్‌సింక్ బాగానే ఉన్నట్టు, దానికి అందే గాలే సరిగా లేనట్టు. రేకు తీసినా ఒకటి రెండు డిగ్రీలకు మించి తేడా రాకపోతే లోపం హీట్‌సింక్‌లోనో, దాని కింద రాసిన పేస్ట్‌లోనో వెతకాలి. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా కొత్త ఫ్యాన్లు కొనడానికి పరుగెత్తడం, నాడి చూడకుండా మందు రాయడం లాంటిది.

ఈ వేడి గొడవ బాగా ముదిరేది ఓవర్‌క్లాకింగ్‌లో, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ నిర్ణయించిన వేగాన్ని మించి నడపడంలో. ఇదొక పనితనం. దీనికి తనదైన చరిత్ర ఉంది, పనిముట్లున్నాయి, చేతినేర్పు ఉంది. దీన్ని ఇంటింటి విద్యగా మార్చిన చిప్ ఏదంటే చాలామంది ఇంటెల్ సెలెరాన్ 300ఏ పేరే చెబుతారు. 1998 ఆగస్టులో వచ్చింది. 66 మెగాహెర్ట్జ్ బస్సు (చిప్‌ను మదర్‌బోర్డుతో కలిపే దారి) మీద 4.5 గుణకంతో 300 మెగాహెర్ట్జ్ వేగం. గుణకాన్ని మార్చకుండా కంపెనీ తాళం వేసింది కానీ బస్సు వేగానికి వేయలేదు. అబిట్ బీహెచ్6 లాంటి మదర్‌బోర్డులో బస్సును 100కి మారిస్తే అదే చిప్ 450 మెగాహెర్ట్జ్ అయ్యేది. సరిగ్గా అదే నెలలో ఇంటెల్ తన అత్యంత వేగమైన పెంటియం 2ను అమ్మిందీ 450 మెగాహెర్ట్జ్‌కే. చవక చిప్ కొన్న విద్యార్థి ఖరీదైన చిప్ పక్కన నిలబడగలిగాడు.

ఆ వేగం ఉచితంగా రాదు. చిప్‌లో పుట్టే వేడి వేగంతో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వోల్టేజీ విషయంలో మాత్రం దాని వర్గంతో పెరుగుతుంది. 300ఏ అసలు వోల్టేజీ 2.0. కొన్ని చిప్‌లు 450 దగ్గర తడబడితే 2.2కు పెంచేవారు. వేగం ఒకటిన్నర రెట్లు, వోల్టేజీ వర్గం 1.21 రెట్లు. రెండూ గుణిస్తే వేడి 1.8 రెట్లు దాటుతుంది. ఆ రోజుల్లో అది ఇరవై వాట్ల చిప్‌ను ముప్పై ఆరు వాట్లకు చేర్చడం, అంతే. 2022లో వచ్చిన కోర్ ఐ9-13900కే కంపెనీ లెక్క ప్రకారమే 253 వాట్ల దాకా లాగుతుంది. గుణకారం మారలేదు. గుణించే సంఖ్య మారింది. పైగా చిప్ వేడెక్కే కొద్దీ ట్రాన్సిస్టర్ల నుంచి వృథాగా కారే విద్యుత్తు కూడా పెరిగి, ఆ వేడి మళ్లీ వేడినే పుట్టిస్తుంది. అందుకే ఈ విద్యలో వేగం పెంచడం చిన్న పాఠం, వేడిని బయటికి పంపడం పెద్ద పాఠం.

తొలి తరం వాళ్లు ఈ పాఠం కష్టపడి నేర్చారు. 2000 నాటి ఏఎండీ అథ్లాన్, డ్యూరాన్ చిప్‌ల పైభాగంలో కోసి ఉంచిన సన్నని ఎల్1 వంతెనలను మామూలు పెన్సిల్‌తో గీసి కలిపితే గుణకం తాళం ఊడిపోయేది. పెన్సిల్ ముల్లులోని గ్రాఫైట్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది మరి. అయితే ఆ అథ్లాన్‌లకు వేడి నుంచి తమను తాము కాపాడుకునే ఏర్పాటు లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వాళ్లు నడుస్తున్న ప్రాసెసర్ల మీది నుంచి హీట్‌సింక్ తీసి చూపించారు. పెంటియం 4 వేగం తగ్గించుకుని బతికింది, అథ్లాన్ క్షణాల్లో పొగ కక్కింది. ఇవాళ్టి చిప్‌లన్నీ వేడి హద్దు దాటితే తమంతట తామే నెమ్మదిస్తాయి. కాలిపోవు కాబట్టి లోపం పైకి కనబడదు. డబ్బు పెట్టి కొన్న వేగం చడీచప్పుడు లేకుండా కారిపోతుంటుంది.

వేడి ప్రయాణం చిప్ మీదే మొదలవుతుంది. చిప్ మూత, హీట్‌సింక్ అడుగు రెండూ కంటికి నున్నగానే కనిపిస్తాయి కానీ వాటి మధ్య అంతటా సూక్ష్మమైన గుంటలుంటాయి. వాటిలో గాలి కూర్చుంటుంది. రాగి గాలికంటే పదిహేను వేల రెట్లు బాగా వేడిని మోస్తుంది. థర్మల్ పేస్ట్ రాగికి ఏమాత్రం సాటి రాదు, గాలికంటే మాత్రం వందకు పైగా రెట్లు మేలు. కాబట్టి పేస్ట్ పని ఆ గుంటలను నింపడం వరకే. మందంగా పూస్తే అదే అడ్డుగోడ అవుతుంది. మధ్యలో శనగగింజంత పెట్టి, హీట్‌సింక్ మరలను ఒక మూల, దాని ఎదురు మూల చొప్పున కొద్దికొద్దిగా బిగిస్తే ఒత్తిడే దాన్ని పరుస్తుంది. కూలర్ మాస్టర్ హైపర్ 212 లాంటి వాటిలో రాగి గొట్టాలే నేరుగా చిప్‌ను తాకుతాయి. వాటి మధ్య సన్నని గాళ్లుంటాయి, ముందు వాటిని నింపుకోవాలి. పాత కాలపు పట్టుదల గల మనుషులు అద్దం మీద గరుకు కాగితం పరిచి, నీళ్లు చల్లి, హీట్‌సింక్ అడుగును గంటల తరబడి సానపట్టేవారు. ఈ రోజుల్లో అంత అవసరం అరుదు. కానీ ఒకసారి చేసిన చేతులకు సమతలం అంటే ఏమిటో మరిచిపోవడం కష్టం.

ఆ రాగి గొట్టాల సంగతి విడిగా చెప్పాలి. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ రూపమిచ్చిన హీట్ పైప్ అది. గాలి తీసేసి మూసిన గొట్టంలో కాసిని నీళ్లు. లోపల పీడనం తక్కువ కాబట్టి నీరు తక్కువ వేడికే ఆవిరై చల్లని కొసకు దౌడుతీస్తుంది, అక్కడ వేడిని వదిలి మళ్లీ నీరై, గోడలకున్న సన్నని రంధ్రాల పొర గుండా, దీపపు వత్తి నూనెను పీల్చినట్టు, వెనక్కి పాకుతుంది. మరలు లేవు, మోటారు లేదు, శబ్దం లేదు. నిలువెత్తు టవర్ హీట్‌సింక్‌లు సాధ్యమైంది దీనివల్లే.

ఇంతదాకా వచ్చిన వేడి హీట్‌సింక్ రేకుల దగ్గర ఆగి గాలి కోసం ఎదురుచూస్తుంది. ఎక్కువమంది తప్పులు చేసేది ఇక్కడే. ఒక చిన్న లెక్క చూడండి. క్యాబినెట్‌లో 300 వాట్ల వేడి పుడుతోందనుకుందాం. లోపలికి వెళ్లిన గాలి పది డిగ్రీలు మాత్రమే వేడెక్కి బయటికి రావాలంటే సెకనుకు 25 లీటర్ల గాలి సాగాలి. ఫ్యాన్ పెట్టెల మీద రాసే కొలతలో అది 53 సీఎఫ్‌ఎం. మంచి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒక్కటే ఆ అంకె చూపిస్తుంది. మరి అయిదారు ఫ్యాన్లున్న పెట్టెలో కూడా ఎందుకు ఉడికిపోతుంది? ఫ్యాన్ పెట్టె మీది అంకె ఖాళీ గదిలో కొలిచింది. ఎదురుగా అద్దం, దుమ్ము జాలీ, వైర్ల చిక్కు ఉంటే అది గణనీయంగా పడిపోతుంది. అంతకంటే పెద్ద సమస్య, వచ్చిన గాలి వేడి ఉన్న చోటికి వెళ్లకుండా దగ్గరి దారిన బయటపడటం. పైకప్పులో ముందువైపు బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇందుకు మంచి ఉదాహరణ. ముందు నుంచి వచ్చిన చల్లగాలిని ప్రాసెసర్ దాకా పోనివ్వకుండానే అది లాగేస్తుంది. ఆ ఒక్క ఫ్యాన్ తీసేస్తే ఉష్ణోగ్రత తగ్గిన సందర్భాలు నేను చూశాను. కాబట్టి అక్కడ ఫ్యాన్ పెట్టకండి. వెనక ఒకటి, కావాలంటే పైకప్పులో వెనకవైపు ఒకటి చాలు.

గాలి దారి కంటితో చూడాలంటే ఊదొత్తి వెలిగించి క్యాబినెట్ ముందు పట్టుకోండి. పొగ జాలీలోకి గీతలా దూరితే మంచిది. అక్కడే సుడి తిరిగితే అడ్డం ఉన్నట్టు. వెనక స్లాట్ల సందుల దగ్గర పట్టుకుంటే పొగ లోపలికి పోతోందా, మరి బయటికి తీసే ఫ్యాన్ల బలం ఎక్కువైందన్నమాట. అప్పుడు జాలీ లేని ప్రతి పగులూ దుమ్మును పీలుస్తుంది. మన వీధుల దుమ్ముకు నా మాట ఒకటే: లోపలికి తెచ్చే ఫ్యాన్లు ఎక్కువ, బయటికి పంపేవి తక్కువ ఉండాలి. అప్పుడు గాలి జాలీల గుండానే వస్తుంది, సందుల గుండా బయటికే పోతుంది. అయితే జాలీ మూసుకుపోయిన రోజున ఈ ఏర్పాటు తలకిందులవుతుంది, కాబట్టి జాలీ కడగడం కూడా ఏర్పాటులో భాగమే.

వేడిగాలి పైకి పోతుంది కదా, పైన ఫ్యాన్ లేకపోతే ఎలా అని చాలామంది అడుగుతారు. మండువా ఇంట్లో పెరిగిన మనకు ఆ ఊహ సహజమే. అక్కడ ఎత్తయిన పైకప్పు, నడుమ తెరిచిన ఆకాశం ఆ పని చేసేవి. అరమీటరు ఎత్తు పెట్టెలో పది డిగ్రీల తేడాకు వేడిగాలి పైకి తోసే పీడనం 0.2 పాస్కల్ దగ్గర ఉంటుంది. మామూలు ఫ్యాన్ పదీ ఇరవై పాస్కల్‌ల బలంతో తోస్తుంది. ఫ్యాన్ ఎటు తోస్తే గాలి అటే.

పాత రోజుల్లో హార్డ్ డిస్కులకు రెండంగుళాల వెడల్పు ఐడీఈ పట్టీ తీగలుండేవి. ముందు ఫ్యాన్‌కు అడ్డంగా తెరలా వేలాడే వాటిని నిలువునా చీల్చి గుండ్రంగా చుట్టేవారు. సన్నని సాటా తీగలు వచ్చాక ఆ బెడద పోయింది. ఆ తర్వాత అందం కోసం ముందంతా అద్దం బిగించిన క్యాబినెట్లు వచ్చి గాలిని మరోలా నొక్కేశాయి. జాలీ ముందున్నవి మళ్లీ ఆదరణలోకి రావడం మంచి మార్పు. మన ఇళ్లలో ఇంకో ప్రత్యేక శత్రువుంది: కంప్యూటర్ టేబుల్ కింద క్యాబినెట్ కోసమని చేయించే చెక్క అర. వెనక పలక మూసి ఉంటే బయటికి వచ్చిన వేడిగాలే మళ్లీ ముందుకు తిరిగి లోపలికి పోతుంది. ఎంత ఖరీదైన కూలర్ అయినా అందులో ఓడిపోతుంది. క్యాబినెట్‌ను బయటికి తీసి, గోడకు జానెడు ఎడం పెట్టండి.

గ్రాఫిక్స్ కార్డుది వేరే లెక్క. 2020 నాటి ఆర్‌టీఎక్స్ 3080 ఒక్కటే 320 వాట్లు. అది వదిలే వేడిలో ఎక్కువ భాగం క్యాబినెట్‌లోకే వస్తుంది, ప్రాసెసర్ ఆ వేడిగాలినే పీల్చుకుంటుంది. కాబట్టి ముందువైపు కింది ఫ్యాన్ కార్డుకు ఎదురుగా ఉండేలా చూసుకోవాలి.

ఫ్యాన్లను ఎప్పుడూ పూర్తి వేగంతో అరిపించడం నాకు నచ్చదు. వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, మోటారు మింగే శక్తి మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, మోత కూడా గమనించేంతగా తగ్గుతుంది. రెండు చిన్న ఫ్యాన్లు కీచుమనే చోట ఒక పెద్ద ఫ్యాన్ నింపాదిగా తిరిగితే పని జరుగుతుంది, రాత్రి పక్క గదిలో అమ్మ నిద్రా చెడదు.

నీటి కూలింగ్ గురించి ఒక్క మాట. నీళ్లు వేడిని మాయం చేయవు, రేడియేటర్ దాకా మోసుకెళ్తాయి. అక్కడ మళ్లీ అదే గది గాలి కావాలి. రేడియేటర్‌ను పంపు కంటే పైన ఉంచండి, లేకపోతే గాలి బుడగలు పంపులో చేరతాయి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోసి రికార్డులు కొట్టేవారి సాహసం గొప్పదే కానీ అది రోజూ కూర్చుని పని చేసుకునే కంప్యూటర్ కాదు.

విదేశీ సమీక్షల్లో అంకెలు చూసి మనవాళ్లు దిగులుపడుతుంటారు. అక్కడ గది 21 డిగ్రీలు, ఇక్కడ మేలో ఏసీ లేని గది 38. గాలితో చల్లబడే ఏ కూలరూ గదికంటే చల్లగా ఉంచలేదు, అది ఇచ్చేది గదికీ చిప్‌కీ మధ్య తేడా మాత్రమే. అక్కడ 71 చూపించినది ఇక్కడ 88 దగ్గర చూపిస్తే కూలర్ చెడినట్టు కాదు, రెండు చోట్లా తేడా 50. నీళ్ల ఎయిర్ కూలర్ ఉన్నవాళ్లు దాని గాలి నేరుగా క్యాబినెట్ మీద పడకుండా చూసుకోండి. తుంపరతో వచ్చే ఉప్పు పొర బోర్డు మీద పేరుకుంటుంది.

సెట్టింగులు నిలబడ్డాయో లేదో తేల్చడానికి ఇప్పటికీ ప్రైమ్95 నడుపుతారు. పెద్ద ప్రధాన సంఖ్యల వేట కోసం జార్జ్ వోల్ట్‌మన్ రాసిన ప్రోగ్రామ్ అది. ముందే తెలిసిన జవాబులతో పోల్చి చూస్తుంది కాబట్టి చిప్ ఒక్క లెక్క తప్పినా దొరికిపోతుంది. వేసవిలో నేను ఈ పరీక్షను వేగం పెంచడానికి కాకుండా వోల్టేజీ తగ్గించడానికి వాడుతున్నాను. చాలా చిప్‌లకు కంపెనీ కాస్త ఎక్కువే వోల్టేజీ ఇస్తుంది. అయిదు శాతం తగ్గించినా వేడి పదో వంతు దాకా తగ్గుతుంది, వేగం అలాగే ఉంటుంది. ఒకప్పుడు 300ఏని వేడెక్కించిన వర్గం లెక్కే ఇప్పుడు కరెంటు బిల్లును తగ్గిస్తోంది. మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు పది డిగ్రీలు చల్లగా ఉంటే రెట్టింపు కాలం మన్నుతాయని విద్యుత్ పనివాళ్లు వేసే మోటు లెక్క కూడా ఇందులో కలుపుకోవాలి.

నా బల్ల సొరుగులో ఒక పాత నోటుపుస్తకం ఉంది. ఏటా రోహిణిలో ఒకసారి, మృగశిరలో ఒకసారి అరగంట పరీక్ష నడిపి మూడు అంకెలు రాస్తాను: గది, చిప్, తేడా. మొదటి రెండూ ఏటా మారుతుంటాయి, నేను చూసేది మూడోదాన్నే. కిందటి ఏడు ఆ తేడా నాలుగు డిగ్రీలు పెరిగింది. పేస్ట్ ఎండిపోయిందేమో అనుకుంటూ విప్పబోయి, ముందు జాలీ తీసి చూశాను. దుమ్ము కంబళిలా అల్లుకుపోయి ఉంది. కుళాయి కింద కడిగి, నీడన ఆరబెట్టి, బిగించి మళ్లీ నడిపాను. పాత అంకె పక్కనే అదే అంకె రాశాను.