వంద రోజుల పథ్యం

మా అమ్మకు బాలింత పథ్యం పట్టడం బాగా తెలుసు. దేవరకొండ వైపు మా ఊళ్లో ఎవరింట్లో పురుడైనా అమ్మకు కబురొచ్చేది. ఏం పెట్టాలి, ఏం పెట్టొద్దు, ఎన్నాళ్లకు బయటి గాలి తగలనియ్యాలి, అన్నీ ఆమె నోట్లోనే ఉండేవి. మూలకణ మార్పిడి అయ్యాక నన్ను ఆసుపత్రి నుంచి పంపుతూ నర్సు ఇచ్చిన జాగ్రత్తల కాగితాన్ని తమ్ముడు చదువుతుంటే అమ్మ తలూపుతూ విన్నది. "ఇది బాలింత పథ్యమే గదరా. వంద దినాలు జెయ్యాలె, గంతేగా" అన్నది.

అంతే కాదు. కానీ ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది.

నాకొచ్చింది బ్లడ్ క్యాన్సర్. ఈ వైద్యమంటే పెద్ద ఆపరేషన్ అనుకుంటారు, కత్తి ఎక్కడ పెట్టారని ఇప్పటికీ అడుగుతారు. కత్తి లేదు. గట్టి కీమోతో నా ఎముకల్లోని మూలుగను ఖాళీ చేశారు. తోడబుట్టిన వారి కణాలు సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే. నాకున్నది ఒక్క తమ్ముడు, వాడివే సరిపోయాయి. కొన్ని రోజులు సూదులు వేసి, కొన్ని గంటలు మిషన్ పక్కన పడుకోబెట్టి, వాడి నెత్తుటిలోంచి మూలకణాలను వేరు చేశారు. ఎర్రటి చిన్న సంచి. మామూలుగా రక్తం ఎక్కించినట్టే నాకు ఎక్కించారు. ఇంతేనా అన్నది అమ్మ. ఇంతే. ఈ దారి వేసిన డానల్ థామస్‌కు 1990లో నోబెల్ ఇచ్చారు, కానీ 1950లలో ఆయన మొదటి రోగులు దాదాపు ఎవరూ దక్కలేదు. మన దేశంలో మొదటి మార్పిడి 1983లో ముంబై టాటా మెమోరియల్‌లో జరిగింది. అప్పటికి మా అమ్మకు పెళ్లయిన కొత్త. ఆ తొలి రోగులందరికీ నేను రుణపడి ఉన్నాను.

ఆ తర్వాతిదంతా ఎదురుచూపే. తెల్లకణాలు సున్నాకు వచ్చాయి. నోరంతా పుండ్లు, ఉమ్మి మింగలేను. న్యూట్రోఫిల్స్ 500 దాటి మూడు రోజులు వరసగా నిలబడితే తమ్ముడి కణాలు నాలో వేళ్లూనినట్టు లెక్క. పొద్దున్నే ఆ అంకె కోసం అమ్మ తలుపు వైపే చూసేది.

యాదగిరిగుట్ట నరసింహస్వామిని వైద్య నారసింహుడంటారు. జబ్బు చేసినవాళ్లు అక్కడ నలభై రోజులు ఉండి ప్రదక్షిణలు చేస్తారు. నన్ను తీసుకుపోతానని అమ్మ మొక్కుకున్నది. తీరా చూస్తే నేను గది దాటడానికే లేదు. రోజూ కాసేపు నడవమని మాత్రం డాక్టర్ చెప్పారు. సెలైన్ స్టాండును తోసుకుంటూ మంచం ఈ పక్క నుంచి ఆ పక్కకు, మళ్లీ ఇటు, నేను నడుస్తుంటే మాస్కు వెనక నుంచి అమ్మ గొంతు వినిపించేది: "ఒకటి... రెండు..." మూడో రోజుకు గానీ నాకు అర్థం కాలేదు, ఆమె ప్రదక్షిణలు లెక్కపెడుతున్నదని.

తమ్ముడు ఉండేది మహబూబ్‌నగర్‌లో. రాత్రుళ్లు వీడియో కాల్‌లో పిల్లలమర్రి ముచ్చట చెప్పేవాడు. ఏడు వందల ఏండ్ల నాటిదని చెప్పుకునే ఆ చెట్టును చెదలు తొలిచి, 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడింది. మరుసటి ఏడు మందు కలిపిన నీళ్లను సెలైన్ సీసాల్లో పోసి, వందల సీసాలు కొమ్మలకు వేలాడదీసి, చుక్క చుక్కగా ఎక్కించారు. "దానికే పెట్టిండ్రు అక్కా గ్లూకోజు. నీదెంత" అనేవాడు. పదిహేడో రోజున నా అంకె 500 దాటింది.

అసలు పని అప్పుడు మొదలైంది. ఆసుపత్రికి దగ్గర్లో కిరాయి గది, ఒక గ్యాస్ పొయ్యి, ఒక కుక్కర్. పచ్చిది ఏదీ పెట్టొద్దు. పొద్దున వండింది రాత్రికి పనికిరాదు. పెరుగు వద్దు, పైన చల్లే కొత్తిమీర కూడా వద్దు. నీళ్లు మరగకాచాలి. అమ్మ జొన్న గట్క మెత్తగా కాచి, గోరువెచ్చగా, చెంచాడు చెంచాడు పోసేది. పుండ్ల నోటికి అంతకంటే మంచి తిండి నాకు దొరకలేదు. నా ప్రాణమంతా మాత్రం పచ్చిపులుసు మీద ఉండేది. పొయ్యి ఎక్కని పులుసు, అందులో పచ్చి ఉల్లిగడ్డ. అడిగితే అమ్మ మాట మార్చేది.

ఆమె నేర్చుకున్నది ఎంతో, వదులుకున్నది అంతకంటే ఎక్కువ. బాలింతకిచ్చే కషాయాలన్నీ పక్కన పెట్టింది. బలం వస్తుందని ఒక చుట్టం తిప్పతీగ రసం తెచ్చాడు. తమ్ముడి కణాలు నా ఒంటిని పరాయిదనుకుని మీద పడకుండా వాటిని అణచే మందు నేను మింగుతున్నాను, వాటిని రెచ్చగొట్టే పసర్లు కూడదు. అమ్మ ఆ సీసాను గడప కూడా దాటనివ్వలేదు. లతీఫ్ సాబ్ గుట్ట దర్గా నుంచి మా పక్కింటి పెద్దమ్మ పంపిన తాయెత్తు నా దండకు కట్టలేదు, తలుపు బయట మేకుకు వేలాడింది.

ఒకనాడు మేనత్త యాదగిరిగుట్ట నుంచి పులిహోర ప్రసాదం తెచ్చింది. ప్రసాదం వద్దన్న పాపం ఎరగని మనిషి మా అమ్మ. దొన్నెను రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుని, గది బయట మెట్ల మీద కూచున్నది. మెల్లగా, ఒక్క మెతుకు మిగలకుండా తిన్నది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని లోపలికి వచ్చింది. "నీ వంతుది గూడ నేనే తిన్న బిడ్డా. దేవునికి తెల్వదా" అన్నది. నేను చూసిన పూజల్లో దానికి సాటి వచ్చేది మరొకటి లేదు.

నా డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లున్నాయి, డాక్టర్ల పేర్లున్నాయి. పథ్యం పట్టిన మనిషి పేరు లేదు. ఇది రాయడం అందుకే.

కొన్ని నెలలకు నా బ్లడ్ గ్రూపు ఓ పాజిటివ్ నుంచి తమ్ముడి బి పాజిటివ్‌కు మారింది. ఇప్పుడు నా నెత్తురు తీసి క్రోమోజోములు చూస్తే మగమనిషిదని వస్తుంది. రాఖీ కట్టినప్పుడు ఈ సంగతి చెబితే వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చిన్నప్పటి టీకాల గుర్తు కూడా ఒంట్లోంచి పోయింది గనక, ఏడాది తర్వాత పసిపిల్లల తల్లుల మధ్య కూచుని వాటిని మళ్లీ వేయించుకోవడం మొదలుపెట్టాను.

ఇక పచ్చివి తినొచ్చని డాక్టర్ చెప్పిన రోజు ఊళ్లోనే ఉన్నాం. అమ్మ ఏమీ అనకుండా చింతపండు నానబెట్టింది. నువ్వులు వేయించి దంచింది. ఉల్లిగడ్డ పొట్టు తీసి కడిగింది. కత్తిపీట దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి కడిగింది.