వణికే చేతి గీత

నాకు బైపోలార్ ఉంది. రోజూ రాత్రి లిథియం మాత్ర వేసుకుంటాను. పగలు చెట్ల బొమ్మలు గీస్తాను. ఈ మూడు మాటలూ పక్కపక్కన రాసి నా పేరుతో అచ్చుకు పంపడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈ పత్రిక దోమలగూడలో మా గల్లీకీ వస్తుంది. అందరూ చదవాలనే రాస్తున్నాను.

లిథియం వాడేవాళ్లలో చాలామందికి చేతులు సన్నగా వణుకుతాయి. ఇంకు బొమ్మలు వేసేవాడికి అది చిన్న సంగతి కాదు. ఇందిరా పార్కులో కూర్చుని వేపాకు అంచును సన్న నిబ్బుతో పట్టుకోవాలని చూస్తే గీత నా మాట వినేది కాదు. డాక్టరమ్మకు చెబితే మోతాదు కొంచెం సర్దారు. మిగతాది నేనే నేర్చుకున్నాను. అట్ట మీద మణికట్టు ఆనించడం, ఊపిరి వదులుతూ గీయడం, వేళ్లతో కాకుండా భుజం నుంచి చేయి కదపడం. నిబ్బు పక్కన పెట్టి వెదురు కలం పట్టాను. దాని గీత లావు, ఇంకు త్వరగా అయిపోతుంది. ముంచిన ప్రతిసారీ చెట్టును మళ్లీ చూడాల్సి వస్తుంది, అలా చూడగా చూడగా బెరడు పగుళ్లు ఎటు తిరుగుతాయో తెలిసింది. బెరడు గీసేటప్పుడు నా వణుకు అడ్డం కాదు, అందులోనే కలిసిపోతుంది. ఆకులు సన్నగా గీయాలన్న కోరిక మాత్రం ఇంకా పోలేదు.

ఈ పనికి ఒళ్లు కూడా చూసుకోవాలి. మే ఎండలో చెమట పోసి ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది, అది ప్రమాదం. అందుకే బొమ్మల సంచిలో నీళ్ల సీసా, ఉప్పు వేసిన మజ్జిగ ఉంటాయి. అప్పుడప్పుడు నారాయణగూడలో ఒక ల్యాబ్‌కు వెళ్లి, రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇచ్చి వస్తాను. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు సరేసరి.

మా ఊళ్లో మానసిక వైద్యశాల ఉన్నది ఎర్రగడ్డలో, అందుకే తిట్టాలంటే ‘ఎర్రగడ్డ కేసు’ అంటారు. ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలుసు కాబట్టి తప్పుకోవచ్చు. మెచ్చుకోలుగా వచ్చే మాట అంతకంటే కష్టం: ‘ఆ పిచ్చే నీ కళ, మాత్రలు మింగితే అది చచ్చిపోతుంది.’ అది నమ్మి మందులు ఆపేసే కళాకారులున్నారు. మనసు ఉరకలేసిన రాత్రుల్లో నేను కాగితాల మీద కాగితాలు నింపాను. ప్రతి గీతా అద్భుతంగా తోచేది. వాటిలో పూర్తయిన బొమ్మలు తక్కువ. కుంగిన రోజుల్లో ఇంకు సీసా మూత తీయడమే గండం. బొమ్మ పూర్తయ్యేది ఈ రెండింటి నడుమ వచ్చే మామూలు రోజుల్లోనే. ఆ రోజుల్ని ఎక్కువ చేసింది మాత్రే.

డెన్మార్క్ వైద్యుడు మోగెన్స్ షౌ, మాత్రలు కళను చంపుతాయా అన్న ప్రశ్నను లిథియం వాడుతున్న 24 మంది కళాకారులను, రచయితలను అడిగి 1979లో ప్రచురించారు. 12 మంది తమ పని పెరిగిందన్నారు. ఆరుగురికి తేడా లేదు, ఆరుగురికి తగ్గింది. తగ్గిందన్నవాళ్ల మాటను నేను కొట్టిపారేయను, ఆ భయం నాకూ తెలుసు. చికిత్సలో ఉంటూనే పని చేసినవాళ్లూ ఉన్నారు. జపాన్ చిత్రకారిణి యయోయి కుసామా 1977 నుంచి టోక్యోలో ఒక మానసిక వైద్యశాలలో తన ఇష్టంతోనే ఉంటూ, దగ్గర్లోని స్టూడియోకు వెళ్లి పని చేసుకుంటూ వచ్చారు. ఆ సంగతి ఆమె దాచుకోలేదు, లోకం ఆమె బొమ్మల్ని కాదనలేదు.

చిక్కడపల్లి గ్రంథాలయంలో ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే ఒక అబ్బాయి పార్కులో నా బొమ్మ చూస్తూ, చేయి ఎందుకు వణుకుతోందని అడిగాడు. చెప్పాను. కాసేపు ఊరుకుని, తనూ మాత్రలు వాడుతున్నానని, అశోక్‌నగర్ హాస్టల్లో రూమ్మేట్లకు తెలియకుండా వాటిని విటమిన్ డబ్బాలో పోసి ఉంచుతున్నానని చెప్పాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్నీ లెక్కలోకి తీసుకుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగుల 4 శాతం కోటాలో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివి ఉన్నవాళ్లందరికీ కలిపి ఇచ్చారు. వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు. ఇదంతా అతనికి నాకన్నా బాగా తెలుసు.

‘సర్టిఫికెట్ తీస్కుంటే ఊర్లె తెలుస్తది సార్. చెల్లె పెండ్లి ఆగుతది’ అన్నాడు.

అతని లెక్క తప్పని చెప్పలేకపోయాను. ఆ లెక్క నిజమే కావడం నాకు కోపం తెప్పిస్తోంది. కోటా ఇచ్చిన చట్టం సంబంధాలు మాట్లాడుకునే అరుగు మీదికి రాదు. నా వయసు వాడికి, ఉద్యోగ ఇంటర్వ్యూలూ పెళ్లి చూపులూ దాటిపోయినవాడికి, బయటికి చెప్పడం వల్ల పోయేది తక్కువ. ముందు మాట్లాడాల్సింది మేమే, ఆ అబ్బాయి కాదు.

హాస్టల్ గదిలో రాత్రిపూట ఎవరికీ చెప్పుకోలేని స్థితి వస్తే 14416కు ఫోన్ చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అది. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. లిథియం గురించో వెదురు కలం గురించో అడగాలంటే ఉదయం పూట పార్కుకు రండి, నేను అక్కడే గీస్తుంటాను.